పొడి మందుకు అంటు లేదు

మెదక్,
1948 నవంబరు 20, శనివారం.

శ్రీయుత దేశ్‌ముఖ్ ఇంద్రకరణ్ రావు గారి సముఖానికి,

మెదక్ నుంచి డాక్టర్ జయానందం నమస్కారాలు. మీ తల్లిగారు ఇందిరమ్మ గారు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము బతికే ఉన్నాము.

మీరు మీ కడుపునొప్పిని తీసుకెళ్లి ఒక నిర్దోషి మెడకు చుట్టారు. తెలియక చేసిన పని కాదు. తెలిసే చేశారు.

మీ ఊరి ఎల్లం మీకు విషం పెట్టలేదు. ఆ సంగతి మీకూ తెలుసు. అయినా మీ ఫిర్యాదు మీద మిలిటరీ వాళ్లు అతణ్ణి పట్టుకొచ్చి పదహారు రోజులుగా ఇక్కడి క్యాంపులో పెట్టారు. ఎల్లుండి సోమవారం పొద్దున లారీ ఎక్కించి హైదరాబాదు పట్నం తీసుకుపోతారట. అక్కడ మిలిటరీ కోర్టు ఉంది. కమ్యూనిస్టుల సంఘంలో తిరిగిన మనిషి దొర తాగే మందులో విషం కలిపాడు అన్న కాగితం చేతికిస్తే ఆ కోర్టు ఏం తీర్పు చెబుతుందో మీకు వివరించక్కర్లేదు. మీరు కోరుకున్నది అదే.

అందుకు ఇంకొక్క కాగితం తక్కువైంది. అది నా దగ్గర నుంచి రావాలి. ఈ నెల అయిదున అందిన లేఖలో మీ బాధంతా వర్ణించి, చివర “ఇది విషప్రయోగమని సర్టిఫికెట్ రాసి పంపగలవు” అన్నారు. పోయిన సోమవారం రెండో లేఖ: “ఇంకా పంపలేదేమి?”

సర్టిఫికెట్ ఇవ్వను. ఎందుకివ్వనో చెబుతాను, చివరిదాకా చదవండి. పదకొండేళ్లు మీ త్రేన్పుల వర్ణన నేను చివరిదాకా చదివాను.

మీరు నాకు మొదట రాసింది ముప్ఫై ఏడులో. తిన్న రెండు గంటలకు ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు, పొట్ట ఉబ్బరం, మూడు రోజులకోసారి విరేచనం. అప్పటి నుంచి నెలకో లేఖ. మీరు నన్ను ఒక్కసారైనా పిలిపించలేదు. మీరూ ఒక్కసారైనా రాలేదు. ఎందుకో మనం దాచుకోనక్కర్లేదు. మా తాత మీవంటి వారి ఊళ్లో చచ్చిన గొడ్డును లాగినవాడు. నేను మిషన్ బడిలో చదివి, డాక్టరు పరీక్ష ప్యాసై, మెదక్‌లో బోర్డు కట్టుకున్నా మీ లెక్కలో ఆ తాత మనవణ్ణే. నేను మీకు “మీరు” అని రాస్తాను, మీరు నాకు “నీవు” అని రాస్తారు. ఇద్దరిదీ ఒకటే ఈడు.

వైద్యుడన్నవాడు కడుపు చూడాలి. రోగిని పడుకోబెట్టి, వేళ్లతో నొక్కి, ఎక్కడ నొక్కితే ముఖం చిట్లిస్తాడో చూడాలి. పదకొండేళ్లలో మీ కడుపు మీద నా చెయ్యి పడలేదు. మీ అక్షరాలను నొక్కి చూసి మందిచ్చాను.

మొదటిసారి సీసాలో నీళ్ల మందు కలిపి పంపాను. సీసా మూత విప్పకుండానే తిరిగొచ్చింది. మోసుకొచ్చిన ఎల్లం వరండాలో కూర్చుని నవ్వుతూ చెప్పాడు: “నీళ్లు మీ ఇంటియి గదా సార్. దొరసానమ్మ గడప తొక్కనియ్యలే. పొడి అయితే పంపుమన్నది. పొడికి అంటు లేదట.” ఆ రోజు నుంచి మీకు నేను నీళ్ల మందు పంపలేదు. ఏడు రోజులకు ఏడు పొట్లాలు, ఒక గుడ్డలో మూట, ముడి మీద లక్క కరిగించి నా ముద్ర. మీ బావి నీళ్లతో, మీ ఇంటి గ్లాసులో మీరే కలుపుకునేవారు.

ఇక నా సలహాలు. ఆకలైనప్పుడే తినండి, పొట్ట సగం నిండగానే లేవండి అని రాశాను. వేపుడు మాంసం, పాత పచ్చడి, జర్దా పాన్ మానమన్నాను. పొద్దుగూకక ముందే తేలిగ్గా జావ తాగమన్నాను. రోజుకు ఒక కోసు నడవమన్నాను. మీరు నడవలేదు. మీ బదులు ఎల్లం నడిచాడు, ఏడుపాయల దగ్గర మంజీర దాటి ఎనిమిది కోసులు రావడం, ఎనిమిది కోసులు పోవడం. వానాకాలంలో మీ లేఖను తలపాగాలో చుట్టుకుని నడుము లోతు నీళ్లలో దాటేవాడు. కూలి లేదు, వెట్టి. వాకిట్లోకి రాగానే సంచి ఎత్తి చూపించి, “గీ సంచిల మా దొర కడుపున్నది సార్, జర పైలంగ పట్టుకోండ్రి” అనేవాడు. నా భార్య జ్ఞానమ్మ అతనికి గంజి పోసేది. ఆ నడిచేవాడి కడుపులో ఏముందని మీ లేఖల్లో ఎన్నడూ ఒక ముక్క లేదు. నేనూ చాలా ఏళ్లు అడగలేదు, అది వేరే సంగతి.

ఈ ఏడాది మార్చిలో మీరు రజాకార్ల నాయకులతో కూర్చుని తిన్నారు. అక్టోబరులో మిలిటరీ అధికారులతో కూర్చుని తిన్నారు. రెండు విందుల తర్వాతా నాకు వచ్చింది ఒకే లేఖ: ఛాతీలో మంట. ఈ రెండు విందుల మధ్య వేసవిలో మీ ఊళ్లో సంఘం లేచింది. వెట్టి బందైంది. మీరు పట్నం పోయారు. మీ నాన్నగారి కాలంలో మీ పట్టాలో కలిసిపోయిన రెండెకరాలను ఎల్లం మళ్లీ దున్నాడు, జొన్న వేశాడు. ఆ అయిదు నెలలూ అతను మెదక్ వచ్చింది ఒక్కసారే, అదీ తన భార్య బాలలక్ష్మికి జ్వరమొస్తే. ఆ రోజు సంచి లేదు. నా ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు.

పోలీసు చర్య జరిగింది. మీరు మిలిటరీ జీపుల వెనకాల ఊరికి తిరిగొచ్చారు. నవంబరు రెండున ఎల్లం మళ్లీ సంచితో నా వాకిట్లో నిలబడ్డాడు. ఇదేమిటయ్యా, వెట్టి పోయింది కదా అని అడిగాను. “గిదే ఆఖరిపారి సార్” అన్నాడు. “ఒక్కసారి పోయి మందు తెస్తే భూమి జోలికి రానని దొర మాటిచ్చిండు. గా మాట మీద నాకు నమ్మకం లేదు గని, చేన్ల జొన్న పొట్ట మీదున్నది. కోసేదాక అన్న ఆగుతడేమోనని వచ్చిన” అన్నాడు. నేను పొట్లాలు కట్టి, ముద్ర వేసి ఇచ్చాను. మూడో తేదీ మధ్యాహ్నం మీకు అందాయి. సాయంత్రం మీరు ఒక పొట్లం తాగారు. నాలుగున ఎల్లంను పట్టుకున్నారు. అయిదున అతని చేలో మీ నాగళ్లు దిగాయి, పొట్ట మీదున్న జొన్నను తొక్కి దున్నించారు. మీకు నిజంగా ప్రాణభయమైతే, మంచం మీద నుంచి లేచీ లేవకముందే నాగళ్లు ఎట్లా గుర్తొచ్చాయి?

విషం సంగతికి వస్తాను. మీ లేఖలో మీరే రాశారు: మూట మీద లక్కముద్ర చెదరలేదు, దాన్ని మీ చేత్తో మీరే పగలగొట్టారు. ముద్ర చూడకుండా మీరు ఏదీ విప్పరని నాకు తెలుసు. కాబట్టి దారిలో ఎవరూ ఏమీ కలపలేదు. పోనీ, గడీలో కలిపాడా? ఎల్లం మీ గడప ఎప్పుడైనా దాటాడా? సంచిని వాకిట్లో అరుగు మీద పెట్టి, పది అడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడటమే కదా అతనికి మీ ఇంట్లో ఉన్న చోటు. మీ నీళ్ల కుండ ఏ గదిలో ఉంటుందో అతనికి తెలియదు. మీ గ్లాసు రాగిదో వెండిదో తెలియదు. అతను ముట్టుకోగలిగిన వస్తువు మీ గడీలో ఒక్కటి చెప్పండి. ఎల్లం తరఫున ఊళ్లో ఎవరూ సాక్ష్యం చెప్పే ధైర్యం చేయరని మీ నమ్మకం. మనిషి సాక్ష్యం అక్కర్లేదు. మీ ఆచారమే సాక్షి. ఇన్నేళ్లు దూరంగా నిలబెట్టిన మనిషి మీద, దగ్గరికొచ్చి చేయాల్సిన నేరం మోపుతున్నారు. అబద్ధమాడేటప్పుడైనా కాస్త ఆలోచించవద్దా?

మరి ఆ సాయంత్రం మీకు ఏమైనట్టు? నాలుక చెక్కలా ఎండిపోయింది, దీపం చుట్టూ మసక కమ్మింది, ముఖం ఎర్రబడి కాలింది, గుండె దడదడలాడింది, గదిలో లేని మనుషులతో తెల్లారేదాకా మాట్లాడానట అని రాశారు. మరునాడు సాయంత్రానికి తగ్గిందనీ రాశారు. ఇది అజీర్ణం ముదిరి జ్వరం తగలడం. ఆ మధ్యాహ్నం మీ ఇంట విందు జరిగిందని విన్నాను. వేపుడు మాంసం మీద కోపం కూడా తింటే యాభైకి దగ్గరపడ్డ కడుపు తట్టుకోదు. రెండు పూటలు లంకణం చేయండి. తర్వాత మూడు రోజులు పలచని మజ్జిగ, పాత బియ్యపు జావ. పులుపు వద్దు, పొగాకు వద్దు. వైద్యుడిగా నా అభిప్రాయం ఇంతే.

ఇంకొక సంగతి. మొన్న గురువారం నన్ను క్యాంపుకు పిలిచారు. అక్కడి మనుషుల్లో నలభై మందికి రక్త విరేచనాలు. వాళ్లు తాగే నీళ్ల తొట్టి పక్కనే మరుగుదొడ్డి తవ్వారు, ఇంకేమవుతుంది. ఒక్కొక్కరినీ నేల మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూశాను. నా కులం ఎవరూ అడగలేదు. ముప్ఫై ఒకటో మనిషి ఎల్లం. నేను ముందు పోల్చుకోలేదు. పెదవి చిట్లి ఉంది, కుడిచెయ్యి వేళ్లు ముడుచుకోవడం లేదు. అతని కడుపు వెన్నుకు అంటుకుపోయింది. పక్కటెముకల కింద చెయ్యి పెడితే చాలు, మూలిగాడు. అది విరేచనాల నొప్పి కాదు, బూటు దెబ్బ. మీరు పదకొండేళ్లు కాగితాల నిండా రాసిన నొప్పికీ, అతను ఒక్క మాట లేకుండా పళ్లు కొరికి ఓర్చుకున్న దానికీ తేడా నా వేళ్లకు తెలిసింది.

బాలలక్ష్మి నాలుగు రోజులుగా మా వరండాలో ఉంటోంది. పొద్దునే రొట్టె కట్టుకుని క్యాంపు గేటు దగ్గరికి పోతుంది, సిపాయి చేతికిచ్చి వస్తుంది. తింటున్నాడా అని అడిగితే, “ఆయన తింటుండో, వాళ్లు కుక్కలకేస్తుండ్రో, గేటు బయట నాకేం కనిపిస్తది సారూ” అంది. ఆమెకు కావలసింది ఒక్కటే, సోమవారం లారీలో ఎల్లం ఉండకూడదు. అది మీ చేతుల్లో ఉంది. మీ ఫిర్యాదు మీరు వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
మీ కడుపు ఎన్నడూ చూడని మీ వైద్యుడు,
జయానందం.

తాజా కలం:

పై సంతకం చేసి లేఖ మడుస్తుంటే జ్ఞానమ్మ తీసుకుని చదివింది. ఆమె ఇరవై ఏళ్లుగా నా దవాఖానాలో మందులు సర్దే మనిషి. చదివి, “మస్తు రాసిండ్రు. మరి కొత్త డబ్బా సంగతేది?” అంది. నేను లేఖ కోసం చెయ్యి చాచాను. “మీకు కోపమొస్తే కాయితం దొరుకుతది. ఆ ఎల్లంకేం దొరుకుతది?” అని కలం నా ముందు పెట్టి లోపలికి పోయింది.

అందుకని ఇది రాస్తున్నాను. పైన ఎల్లం గురించి రాసినదంతా నిజం. మీ గురించి రాసినదీ నిజమే, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. అజీర్ణమన్నది మాత్రం అబద్ధం.

మిమ్మల్ని పడేసింది నా మందు.

మీ పొట్లాల్లో సోడా పొడితో పాటు కడుపు మెలిపెట్టడం తగ్గించే బెల్లడోనా కలుపుతాను. అది కొంచెమైతే మందు, ఎక్కువైతే విషం. ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నది ఆ చెట్టు ఎండిన ఆకుల పొడి. రోడ్లు మూతపడ్డ నెలల్లో ఆ డబ్బా అయిపోయింది. అక్టోబరు ఆఖరున పట్నం నుంచి కొత్త డబ్బా తెప్పించాను. పేరు అదే, కాని అది ఆకు కాదు, ఆకు నుంచి తీసిన సారం, మూడింతలకు పైగా బలం. డబ్బా మీద అచ్చు వేసే ఉంది. నేను పేరు చదివాను, కింది పంక్తి చదవలేదు. పాత తూకమే తూచాను. ఎల్లం వరండాలో గంజి తాగుతూ ఉండగా ఆ ఏడు పొట్లాలూ నా చేత్తో కట్టాను.

మీ లేఖలో నాలుక ఎండిందన్న మాట దగ్గర అనుమానమొచ్చింది. దీపం చుట్టూ మసక అన్న మాట దగ్గర తెలిసిపోయింది. లేచి వెళ్లి డబ్బా చూశాను. అది నవంబరు అయిదు. ఇవాళ ఇరవై. మిగిలిన ఆరు పొట్లాలను సాక్ష్యం కోసం పెట్టెలో పెట్టి తాళం వేశానని మీరు రాశారు గనుక మీ ప్రాణానికి భయం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఎల్లం ప్రాణం గురించి ఏమీ చెప్పుకోలేదు.

ఎందుకు నోరు మూసుకున్నానంటే, భయం. సంఘం వాళ్లకు కట్లు కట్టాడని ఈ జిల్లాలో ఇప్పటికే ఒక డాక్టరును పట్టుకుపోయారు. నేనూ కట్టాను. మందులో తేడా నాదే అంటే పొరపాటని ఎవరు నమ్ముతారు? డాక్టరూ ఎల్లమూ కలిసే చేశారంటారు, లారీలో ఇద్దరినీ ఎక్కిస్తారు. ఇట్లా లెక్క వేసుకుని పదిహేను రోజులు ఊరుకున్నాను. నీళ్ల మందు మీరు ఒప్పుకుని ఉంటే పొడి తూచే పనే ఉండేది కాదని, మీ ఆచారం మీదికి తోస్తూ నాలుగు పేజీలు రాయగలను. రాయను. డబ్బా చదవాల్సింది నేను.

గురువారం క్యాంపులో ఎల్లం నా చెయ్యి పట్టుకుని ఏమడిగాడో పైన రాయలేదు. “సార్, మందుల ఏం లేదని మీరొక్క మాట చెప్పుండ్రి. మీ మాటయితే ఇడుస్తరు” అన్నాడు. పక్కనే కెప్టెన్ నిలబడి ఉన్నాడు. నేను ఎల్లంకు ఉప్పు నీళ్లు ఎక్కువగా తాగమని చెప్పి ముప్ఫై రెండో మనిషి దగ్గరికి జరిగాను.

ఇదంతా ఇప్పుడే బాలలక్ష్మిని కూర్చోబెట్టి చెప్పాను. ఈ లేఖ తీసుకొస్తున్నది ఆమే, తను మోస్తున్నదేమిటో ఆమెకు తెలిసి ఉండాలి. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నా ముఖం చూసి, “పదిహేను దినాలు బువ్వెట్ల తిన్నరు సార్?” అని అడిగింది.

ఆమె బయలుదేరగానే ఆ డబ్బా తీసుకుని నేను క్యాంపుకు పోతున్నాను. ఈ తప్పు నాదని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాను, నకలు ఈ లేఖతో ఉంది. నా కాగితం ఒక్కటే అయితే చాలదు. వాళ్లు దొరల మాట వింటారు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి:

ఒకటి. మిగిలిన ఆరు పొట్లాలు తాగవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు, పారేయవద్దు. పగిలిన లక్కముద్రతో సహా మెదక్ తెచ్చి కెప్టెన్‌కు అప్పగించండి.

రెండు. రేపు, ఆదివారం, పొద్దుగూకే లోగా క్యాంపుకు వచ్చి ఎల్లం మీద ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని రాసివ్వండి. ముద్ర చెదరలేదని, ఎల్లం ఎన్నడూ గడప దాటలేదని అందులో ఉండాలి.

మూడు. ఎవరి మీదనో ఒకరి మీద కేసు లేకపోతే మీ పరువు పోతుందనుకుంటే నా పేరు రాయండి. నేను కాదనను.

నాలుగు. రెండెకరాల నుంచి మీ నాగళ్లు తీసేయండి. తొక్కించిన జొన్నకు బదులు బాలలక్ష్మి ఇంటికి వచ్చే పంట దాకా గింజలు పంపండి. పంపేటప్పుడు వెట్టి మనిషితో పంపవద్దు.

అయిదు. ఇక నుంచి మీ కడుపు గురించి నాకు లేఖ రాయవద్దు. ఏ డాక్టరు దగ్గరికైనా మీరే నడిచి వెళ్లండి, పడుకోండి, చెయ్యి పెట్టి చూడనివ్వండి.

ఆరు. ఎల్లంను విడిచే రోజున క్యాంపు గేటు దగ్గరికి రండి. నన్ను లోపల పెట్టకపోతే నేనూ వస్తాను. జరిగింది ఇద్దరం అతని ఎదుట చెప్పాలి. ముందు నేను చెబుతాను.